రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ కమిషనరుగారికి బహిరంగ లేఖ

మహాశయా,

మిరపకల్లములు ముగిసి, గుంటూరు మిర్చి యార్డునకు సైతము సెలవు లిచ్చెడి మండువేసవిలో, రుసుము చెల్లింపగలవారి బిడ్డలు చిత్రలేఖన శిబిరములకు పోవుచుండగా, తల్లుల వెంట తాలుకాయ లేరుచు ఘాటుకు తుమ్మిన కూలీల బిడ్డలకు రంగులపెట్టె యైనను కరవే. అమరావతీ శిల్పములు పెక్కులు చెన్నపట్టణమునకును లండనునకును తరలిపోయినవి సరే. అమరావతి మ్యూజియములో మిగిలినవాని యెదుట మన పిల్లలను కూర్చుండబెట్టి పద్మపు రేకులు గీయించుట కేమి యడ్డము? గురువులకై వెదుకనక్కరలేదు: రాతిని మలచు దుర్గి శిల్పులును, మేకతోలును వెలుగు చొరబారునంత పలుచగా గీకి, ఉలితో రంధ్రములు తొలిచి, రంగులద్దు తోలుబొమ్మల కళాకారులును ఈ సీమవారే. కావున వేసవికి మూతపడిన బడులను ఉదయము 7 నుండి 10 గంటలవరకైనను తెరిపించి, ఉచిత శిబిరములు నడిపించి, ఆ గురువులకు గౌరవవేతన మిప్పింప ప్రార్థన.

ఇట్లు,
ఒక పల్నాటి పాఠకుడు