స్థలం నీది, డబ్బు నాది.. పన్ను ఎవరిది?

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే మా బాబాయిగారబ్బాయి మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, నేనూ మా ఫ్రెండూ కలిసి ఎల్‌ఎల్‌సీ పెడుతున్నాం. స్థలం నాది, డబ్బు వాడిది. చెరి సగం. స్థలం కంపెనీ పేరు మీదకి మారిస్తే అమ్మినట్టేనా? ట్యాక్స్ కట్టాలా?" అన్నాడు.

అక్కర్లేదురా అన్నాను. వాడు హమ్మయ్య అనుకుని ఫోన్ పెట్టేయబోయాడు. ఆగమన్నాను. ఎందుకంటే గొడవంతా ఈ 'అక్కర్లేదు' తర్వాతే మొదలవుతుంది. అమెరికాలో మన కుర్రాళ్లు నలుగురు కలిసి మోటలో, గ్యాస్ స్టేషనో, స్థలమో కొనాలనుకుంటున్న రోజులివి కాబట్టి మీక్కూడా చెబుతున్నా.

ఇద్దరో అంతకంటే ఎక్కువమందో కలిసి ఎల్‌ఎల్‌సీ పెట్టి, వేరే ఆప్షన్ ఏదీ ఎంచుకోకపోతే ఫెడరల్ పన్ను దృష్టిలో అది పార్ట్‌నర్‌షిప్పే. సాధారణంగా దాని మీద విడిగా ఆదాయ పన్ను ఉండదు. ఏటా ఫామ్ 1065 దాఖలు చేసి, ఒక్కొక్కరికి కె-1 అనే కాగితం ఇస్తుంది. అందులో ఉన్న లాభానికి పన్ను మీరే కట్టాలి, ఆ డబ్బు మీ చేతికి రాకపోయినా సరే! (టెక్సస్‌లో వ్యక్తుల మీద రాష్ట్ర ఆదాయ పన్ను లేదు కాబట్టి నేను చెప్పేదంతా ఫెడరల్ సంగతే.)

ఇక స్థలం దగ్గరికొద్దాం. ఆస్తి ఇచ్చి బదులుగా వాటా తీసుకుంటే అప్పటికప్పుడు లాభమూ లేదు, నష్టమూ లేదు అంటుంది పన్ను చట్టంలోని 721వ సెక్షన్. దీన్ని మాఫీ అనుకోకండి, వాయిదా మాత్రమే. మా వాడు స్థలం లక్ష డాలర్లకి కొన్నాడనుకుందాం. ఇప్పుడది 3 లక్షలు చేస్తుంది. ఫ్రెండ్ 3 లక్షల క్యాష్ పెట్టాడు. వాటాలు సమానమే కానీ పన్ను లెక్కలో మా వాడి వాటా ఖరీదు లక్షే. కంపెనీ పుస్తకాల్లోనూ పన్ను కోసం స్థలం ఖరీదు ఆ పాత లక్షే. దీన్నే బేసిస్ అంటారు.

రేపు కంపెనీ ఆ స్థలాన్ని 3 లక్షల 60 వేలకి అమ్మిందనుకోండి. లాభం 2 లక్షల 60 వేలు. చెరి సగం కదా, లక్షా 30 వేల చొప్పున అనుకుంటారు. కాదు! కంపెనీలోకి రాకముందు పెరిగిన 2 లక్షలూ మా వాడి ఖాతాలోకే వెళ్తాయి. మిగిలిన 60 వేలే పంచుకోవాలి. అంటే పన్ను లెక్కకి వాడికి 2 లక్షల 30 వేలు, ఫ్రెండ్‌కి 30 వేలు. ఇది 704(సి) నియమం. నాకైతే న్యాయంగానే అనిపిస్తుంది. నువ్వు ముందే పెంచుకున్న విలువకి నీ ఫ్రెండ్ ఎందుకు పన్ను కట్టాలి? కాకపోతే ఇది మొదటిరోజే మాట్లాడుకోకపోతే, అమ్మిన ఏడాది కె-1 చేతికొచ్చాక స్నేహం మిగలదు.

అప్పున్న స్థలమైతే ఇంకో మెలిక. స్థలం మీద 2 లక్షల 40 వేల లోన్ ఉండి, ఇకనుంచి ఆ బాధ్యత చెరి సగం అయ్యిందనుకోండి. మా వాడి నెత్తి మీంచి లక్షా 20 వేలు దిగినట్టు. చట్టం దాన్ని చేతికి క్యాష్ వచ్చినట్టే చూస్తుంది. వాడి బేసిస్ లక్షే కాబట్టి, పైనున్న 20 వేలకి అప్పుడే పన్ను పడొచ్చు. రూపాయి ముట్టకుండానే!

"నేను స్థలం ఇస్తాను, నెల తిరక్కుండా కంపెనీ నాకు లక్షన్నర ఇచ్చేస్తుంది, బావుంది కదా?" అని కూడా అడిగాడు. తెలివే, కానీ ఐఆర్‌ఎస్‌కీ తెలుసు. దాన్ని మారువేషంలో ఉన్న అమ్మకం అంటారు. రెండేళ్లలోపు అలా డబ్బు చేతులు మారితే అమ్మకమనే అనుకుంటారు, కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే.

స్థలం విలువ కొన్నదానికంటే పడిపోయిందా? అయితే కంపెనీకి ఇవ్వకండి, ఇస్తే ఆ నష్టం అప్పటికప్పుడు చూపించుకోలేరు. బయటివాళ్లకి అమ్మి, ఆ డబ్బు పెట్టడం మేలు.

డబ్బూ స్థలమూ లేకుండా కష్టం మాత్రమే పెట్టే మూడో ఫ్రెండ్ ఉంటాడు చూడండి, అతని సంగతి వేరు. పని చేసినందుకు కంపెనీ ఆస్తిలోనే వాటా ఇస్తే, ఆ వాటా విలువ జీతంలాంటి ఆదాయమే, పన్ను పడుతుంది. రాబోయే లాభాల్లో మాత్రమే వాటా ఇస్తే, మామూలుగా ఇచ్చినరోజు పన్ను ఉండదు. ఒక్క మాట తేడాతో వేల డాలర్లు అటూ ఇటూ అవుతాయి.

మన దగ్గరా ఇంతే అనుకుని హైదరాబాద్‌లో స్థలాన్ని ఫర్మ్‌లో పెట్టేయకండి. 1985లో సుప్రీంకోర్టు అలాంటి బదిలీకి పన్ను లెక్కగట్టలేమంది. దాంతో 1987 ఫైనాన్స్ చట్టంతో 45(3) తెచ్చారు. ఫర్మ్ పుస్తకాల్లో రాసిన విలువే అమ్మిన ధర, లాభం ఉంటే ఆ ఏడాదే పన్ను.

మా వాడు ఇప్పుడు ఒప్పందం రాయించే పనిలో ఉన్నాడు. స్థలం ఈరోజు విలువ ఎంత, పాత లాభం ఎవరిది, లోన్ బాధ్యత ఎవరిది, ఈ మూడూ అందులో ఉండాలని సీపీఏకి చెప్పమన్నాను. ఫామ్ 1065కి గడువు మార్చి 15.