సర్కారు వారి స్ప్రింట్లు

గవర్నమెంటు ప్రాజెక్టు అనగానే మన ఐటీ జనాలకి నవ్వొస్తుంది. "అక్కడ ఎజైలేంటి బాసూ, ఫైలు కదిలితే అదే పదివేలు" అంటారు. నా మటుకు నాకు ఆ నవ్వు సగమే కరెక్టనిపిస్తుంది.

అమెరికాలో ఎఫ్‌బీఐ సంగతే తీసుకోండి. కేసు ఫైళ్ళని కంప్యూటర్లోకి ఎక్కిద్దామని మొదలెట్టిన వర్చువల్ కేస్ ఫైల్‌ని, దాదాపు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో పక్కన పడేశారు. 2006లో సెంటినెల్ అని ఇంకోటి మొదలెట్టారు. మొత్తం నాలుగు దశలు, 2009 డిసెంబరుకల్లా అయిపోవాలి. 2010 ఆగస్టు నాటికి 45.1 కోట్ల బడ్జెట్లో 40.5 కోట్ల డాలర్లు అయిపోయాయి, చేతికొచ్చినవి రెండు దశలే!

అప్పుడు పగ్గాలు ఎఫ్‌బీఐ తనే తీసుకుంది. టీముని బాగా తగ్గించి, పనిని యూజర్ స్టోరీలుగా విడగొట్టి, రెండు వారాల స్ప్రింట్లు పెట్టింది. 2012 జూలైలో సిస్టం ఏజెంట్లందరికీ వచ్చింది. అదీ చెప్పిన టైముకి కాదు లెండి. 2011 అక్టోబరులో పెట్టిన టెస్టులో మొరాయించింది కూడా. కానీ మొరాయించింది టెస్టులో, అందరికీ ఇచ్చాక కాదు. తేడా అక్కడే ఉంది.

మరి ఎజైల్ అంటే మంత్రమా? కానే కాదు. బ్రిటన్లో యూనివర్సల్ క్రెడిట్‌ని కూడా ఎజైల్ అనే మొదలెట్టారు. కాంట్రాక్టులు, అజమాయిషీ మాత్రం పాత పద్ధతివే. చివరికి 3.4 కోట్ల పౌండ్ల ఐటీ పని దండగ ఖాతాలో రాసేశారని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం 2013లో తేల్చింది. రోజూ పొద్దున్నే నిలబడి మీటింగు పెట్టుకున్నంత మాత్రాన ఎజైల్ అయిపోదన్నమాట :)

ఇక మన దగ్గరికి వద్దాం. తెలంగాణలో ధరణి 2020 అక్టోబరులో రాష్ట్రమంతా ఒకేసారి మొదలైంది. రికార్డుల్లో తప్పులు సరిచేసుకునే ఆప్షన్లు చాలావరకు తర్వాత ఒక్కొక్కటిగా వచ్చాయి. ఈలోపు పేరు తప్పు పడ్డ రైతు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. మనకి అది పెండింగ్ టికెట్, ఆయనకి అది పొలం. దాని స్థానంలో 2025లో వచ్చిన భూభారతిని ముందు నాలుగు మండలాల్లో పైలట్‌గా నడిపారు. పద్ధతంటే అలా ఉండాలి.

అసలు చిక్కు టెండరులో ఉంది. రిక్వైర్‌మెంట్లన్నీ మొదటిరోజే రాసేసి, తక్కువ కోట్ చేసినవాడికి పని ఇచ్చి, డాక్యుమెంట్లు చూసి బిల్లులు పాస్ చేస్తే, మధ్యలో నేర్చుకున్నది ఎక్కడ పెడతాం? మార్పు ఒప్పుకుందామంటే ఆఫీసరుకి భయం, రేపు ఆడిట్ వాళ్ళు అడిగితే?

ఆ భయం న్యాయమైనదే. స్కోపు వదులుగా ఉంటే తినేవాళ్ళు తింటారు. అందుకే నేననేది, డబ్బుకి పరిమితి పెట్టండి, ఫీచర్ల లిస్టుకి కాదు. పనిచేసే సాఫ్ట్‌వేర్ చూసే బిల్లు ఇవ్వండి. అవును, కాదు అని చెప్పే అధికారమున్న ఒక్క మనిషిని శాఖ తరఫున కూర్చోబెట్టండి. రెండు వారాలకోసారి తహసీల్దారు ఆఫీసు ఆపరేటర్ చేత నడిపించి చూడండి. మూడొందల పేజీల డాక్యుమెంటు కన్నా అదే గట్టి ఆడిట్.

మనం నవ్వడం మానేసి టెండర్లు రాసే పద్ధతి గురించి మాట్లాడితే బాగుంటుందేమో. ఏమంటారు?