ప్రకటనల బరువు – లింకుల పరువు

ప్రతి సంవత్సరం ఈ సంచిక అచ్చుకు వెళ్లే ముందు కళాశాల కమిటీ పెద్దలు, సంపాదకవర్గం కలిసి కూర్చుని ఒక చిన్న విషయం తేల్చుకుంటారు. పట్టణంలోని వర్తకులు ఇచ్చిన ప్రకటనలు ఎన్ని పుటలకు మించకూడదు, అవి ఎక్కడ ఉండాలి అన్నదే ఆ విషయం. మన సంచికలో ఉర్దూ భాగం కుడివైపు అట్ట నుంచీ, తెలుగు భాగం ఎడమవైపు అట్ట నుంచీ మొదలై నడుమ కలుసుకుంటాయి. ఆ కలుసుకునే చోటనే బట్టల దుకాణంవారి శుభాకాంక్షలు, మందుల షాపువారి అభినందనలు అచ్చవుతాయి. ఆ ప్రకటనలు లేకపోతే కాగితం ఖర్చు కూడా రాదని మనకందరికీ తెలుసు. ఐనప్పటికీ ఒక పద్యాన్ని సగంలో ఆపి అక్కడ సబ్బు ప్రకటన వేయమని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగినా మనం ఒప్పుకోము.

ఈ సంగతిని ఇప్పుడు ప్రస్తావించడానికి కారణం ఉన్నది. మా విద్యార్థులు కొందరు నడుపుతున్న ఒక చిన్న వెబ్‌సైట్ విషయంలో సరిగ్గా ఇదే ప్రశ్న ఈ విద్యాసంవత్సరంలో ఎదురైంది. మేము తెలుగు శాఖలో పాఠాలు చెప్పుకునేవారమే గాని కంప్యూటరు శాస్త్రం చదివినవారము కాము. కాని ఆ విద్యార్థులు సలహా కోరి మా వద్దకు వచ్చినందువల్ల కొంత చదివి, కొంత విచారించి, ఒక అభిప్రాయానికి వచ్చాము. దానిని విద్యార్థుల ముందు, కమిటీవారి ముందు సవినయంగా ఉంచుతున్నాము.

ఆ వెబ్‌సైట్ చేసే పని చాలా చిన్నది. నిజాము పాలనలో రెవెన్యూ దస్తరాలు ఉర్దూలో ఉండేవి. ఆ మాటలు నేటికీ తెలంగాణ రైతుల ఇళ్లలోని పాత కాగితాలలో బతికే ఉన్నాయి. సేత్వార్ అంటే ఏమిటి, ముంతఖబ్ అంటే ఏమిటి, జమాబందీకీ పహాణీకీ తేడా ఏమిటి, ఫసలీ 1364 అంటే మన లెక్కలో ఏ సంవత్సరం – ఇటువంటి ప్రశ్నలకు ఆ వెబ్‌సైట్ తేలిక తెలుగులో జవాబు చెబుతుంది. ఫసలీ 1364 అంటే 1954–55. ఆ సంవత్సరపు ఖాస్రా పహాణీ తెలంగాణ భూవివాదాలలో నేటికీ ముఖ్యమైన పత్రం. ఉర్దూ చదవగలిగి, తెలుగులో రాయగలిగిన పిల్లలు మన కళాశాలలో ఉన్నారు గనుక ఈ పని మన కళాశాలకే తగినది. ఇంత పరిమితమైన విషయానికి అంకితమైన వెబ్‌సైట్లకు పాఠకులు తక్కువగానే ఉంటారు. కాని వచ్చేవారు అవసరంతో వస్తారు.

మొదట కొన్ని నెలలు బాగానే గడిచాయి. పిమ్మట విద్యార్థులు ఖర్చుల కోసం ప్రకటనలు పెట్టారు. 2018 నుంచి గూగుల్ వారి యాడ్‌సెన్స్ తెలుగు పుటలకు కూడా ప్రకటనలు ఇస్తున్నది గనుక అందులో కష్టమేమీ లేదు. పైన ఒకటి, మధ్యలో రెండు, తెరకు అడ్డంగా లేచి వచ్చేది మరొకటి. ఆ తరువాత గూగుల్ అన్వేషణలో తమ పుటలు వెనక్కు పోయినట్లు గమనించారు. ప్రకటనల వల్లనే ర్యాంకు పడిపోయిందని ఒకరు, కాదు, మనం ఇతర సైట్లకు ఇచ్చిన లింకుల ద్వారా మన బలమంతా బయటికి కారిపోతున్నదని మరొకరు వాదించారు. రెండవవారి మాట నెగ్గింది. ఆధార గ్రంథాలకూ, ప్రభుత్వ పోర్టల్‌కూ ఇచ్చిన లింకులన్నీ తీసివేశారు. ప్రకటనలు మాత్రం అలాగే ఉంచారు.

మా అభిప్రాయంలో వారు తీయవలసినది ఉంచారు, ఉంచవలసినది తీశారు.

ముందుగా లింకుల మాట చూద్దాము. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు పరిశోధక విద్యార్థులు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉండగా 1998లో ఒక పరిశోధన వ్యాసం ప్రకటించారు. ఒక పుటను ఎన్ని పుటలు లింకు ద్వారా చూపుతున్నాయి, ఆ చూపేవాటి విలువ ఎంత అన్నదానిని బట్టి ఆ పుట విలువ కట్టాలన్నది వారి సూత్రం. ఒక పుట తన విలువను తాను చూపే లింకులన్నిటికీ సమానంగా పంచుతుందని ఆ లెక్క. ఈ పంపకం అనే మాట నుంచే బయటి లింకు అంటే నష్టమనే భయం పుట్టింది. లోకంలో చాలామంది సైట్ల యజమానులు ఈ భయంతోనే లింకులను బిగబట్టుకున్నారు. 2005లో వచ్చిన నోఫాలో అనే గుర్తును ప్రతి బయటి లింకుకూ తగిలించి, మిగిలిన విలువను తమ సొంత పుటలకే మళ్లించాలని చూశారు. ఆ యుక్తి పనిచేయదని, గుర్తు తగిలించినా ఆ వాటా మిగలదని 2009లో గూగుల్ వారే స్పష్టం చేశారు. పిసినారితనం వల్ల ర్యాంకు పెరగదు.

అట్లాగని పేరుమోసిన సైట్లకు నాలుగు లింకులు ఇస్తే ర్యాంకు పెరుగుతుందనుకోవడం కూడా భ్రమే. మంచి చోటికి లింకు ఇవ్వడం పాఠకుడికి మేలు చేసే పని అని మాత్రమే గూగుల్ ప్రతినిధులు చెబుతూ వచ్చారు. ఆ మేలే మనకు ముఖ్యం. మా విద్యార్థులు తొలగించిన లింకులలో ఒకటి విల్సన్ 1855లో ప్రచురించిన రెవెన్యూ, న్యాయ పదకోశానిది. మరొకటి బ్రౌను దొరవారి 1852 నాటి జిల్లా నిఘంటువుది. ఒక మాటకు అర్థం చెప్పి, ఆ అర్థం ఎక్కడ దొరికిందో చెప్పకపోతే దానిని నమ్మడం ఎట్లా? పరీక్ష వ్యాసంలో ఆధారం చూపని విద్యార్థికి మేము మార్కులు తగ్గిస్తాము. వెబ్‌సైట్‌లో మాత్రం ఆధారం దాచమని ఎట్లా చెప్పగలము?

లింకు ఇచ్చినవారికి ఒక బాధ్యత కూడా ఉన్నది. తొలి రోజులలో మా పిల్లలు ధరణి పోర్టల్‌కు లింకులు ఇచ్చారు. 2020 అక్టోబరులో మొదలైన ఆ పోర్టల్ స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. మారిన సంగతి గమనించి పాత లింకులను ఎప్పటికప్పుడు సరిచేయకపోతే రైతు మూసిన తలుపు ముందు నిలబడతాడు.

ఇక ప్రకటనల మాట. ప్రకటన ఉన్నంత మాత్రాన గూగుల్ ఒక పుటను శిక్షించదు. యాడ్‌సెన్స్ పెట్టినందువల్ల ర్యాంకు పెరగదు, తరగదు. కాని ఆ ప్రకటన ఎక్కడ, ఎంత బరువుగా కూర్చున్నది అన్నది లెక్కలోకి వస్తుంది. పుట తెరవగానే విషయం కనిపించకుండా పైభాగమంతా ప్రకటనలే ఉంటే ఆ పుట వెనక్కు పోయే ఏర్పాటును 2012 జనవరిలోనే ప్రవేశపెట్టారు. ఫోను తెరను కప్పివేసే అడ్డు పలకల మీద 2017 జనవరి నుంచి ఆంక్ష ఉన్నది. 2021 నుంచి పుట ప్రవర్తనను కూడా కొలుస్తున్నారు. ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోగా కనిపించాలి, చదువుతుండగా అక్షరాలు కిందికీ పైకీ గెంతకూడదు. ఆలస్యంగా వచ్చి కూర్చునే ప్రకటన చేసే పని సరిగ్గా ఆ గెంతించడమే. విషయం బాగున్నప్పుడు ఈ కొలతల ప్రభావం స్వల్పమే. ఐతే ఒకే స్థాయి విషయమున్న రెండు పుటలు పోటీ పడినప్పుడు తేడా చూపగలదు.

మాకు ఈ నియమాలకన్న ఒక సంఘటన ఎక్కువ బోధపరిచింది. మా కళాశాల అటెండరుగారు ఒకరు తమ తండ్రిగారి పాత కాగితం గురించి తెలుసుకుందామని ఫోనులో ఆ సైట్ తెరిచారు. కొంతసేపటికి మా గదికి వచ్చి, “సార్, ముంతఖబ్ అంటే ఏందో చూద్దామని తెరిస్తే లోన్ ఇస్తమని వస్తుంది. ఒత్తితే ఎటో పోతుంది” అన్నారు. మన పిల్లలు ఎవరికోసం ఆ సైట్ కట్టారో ఆయనే పాఠకుడు. ఆయన జవాబు చూడకుండానే తిరిగి వెళ్లారు. ర్యాంకు తగ్గినా తగ్గకపోయినా, నష్టం అప్పటికే జరిగిపోయింది. ఇంత చేసి ఆ ప్రకటనల వల్ల వచ్చిన సొమ్ము డొమైను పేరు ఖర్చుకు కూడా చాలలేదు. వేలాది పాఠకులు ఉన్నవారికి లాభించే వ్యాపారం పదుల సంఖ్యలో పాఠకులున్న కొత్త సైట్‌కు లాభించదు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ సైట్ వెనక్కు పోవడానికి ప్రకటనలే కారణమని మేము నిర్ధారించి చెప్పలేము. కొత్త సైట్ మీద గూగుల్‌కు నమ్మకం కుదరడానికి నెలలు పట్టవచ్చు. పెద్ద మార్పులు చేసినప్పుడల్లా చిన్న సైట్లు ఊగిసలాడతాయి. 2023 సెప్టెంబరు మార్పులో ఏళ్ల తరబడి శ్రద్ధగా నడిచిన చిన్న సైట్లు కూడా పడిపోయాయని వాటి యజమానులు మొరపెట్టుకున్నారు. కాబట్టి ఒక వారం ర్యాంకు చూసి, భయపడి, చేతికి అందిన లింకును తీసివేయడం జ్వరం తగిలిన ప్రతిసారీ మందు మార్చడం వంటిది.

మూడవ సంగతి అన్నిటికన్నా ముఖ్యమైనది. విద్యార్థులకు ఒక సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. అప్పులిచ్చే ఒక యాప్‌కు మీ పుటలో లింకు పెడితే సొమ్ము ఇస్తాము, ఐతే అది ప్రకటన అని ఎక్కడా రాయకూడదు అన్నది అందులోని సారాంశం. ప్రకటనల ఆదాయంతో పోలిస్తే అది పెద్ద మొత్తమే. ఇద్దరు విద్యార్థులు ఒప్పుకుందామన్నారు. వారిని మేము తప్పుపట్టము. వారికి ఫీజులు ఉన్నాయి, ఇంటి దగ్గర అవసరాలు ఉన్నాయి.

ఐతే ఆ సంస్థకు కావలసినది పాఠకుడు కాదు, పరువు. రైతు నమ్మిన సైట్ మమ్మల్ని కూడా నమ్ముతున్నది అని గూగుల్‌కు అబద్ధపు సాక్ష్యం చెప్పించడమే దాని ఉద్దేశం. ర్యాంకు కోసం లింకు కొనడం, అమ్మడం రెండూ గూగుల్ నియమాలకు విరుద్ధం. సొమ్ము తీసుకున్న లింకుకు ఆ సంగతి తెలిపే గుర్తు తగిలించాలి. 2019 నుంచి స్పాన్సర్డ్ అనే ప్రత్యేకమైన గుర్తు ఇందుకోసమే ఉన్నది. 2013 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఇంటర్‌ఫ్లోరా అనే పూల వ్యాపార సంస్థ ప్రాంతీయ పత్రికల సైట్లలో ప్రకటన వ్యాసాల ద్వారా లింకులు సంపాదించినప్పుడు ఆ సంస్థ అన్వేషణలో కనిపించకుండా పోయింది. అంతేకాదు, లింకులు ఇచ్చిన పత్రికల సైట్ల విలువను కూడా గూగుల్ తగ్గించింది. 2012 జనవరిలో తన సొంత క్రోమ్ బ్రౌజరు ప్రచారంలో ఇటువంటి లింకు బయటపడగా, క్రోమ్ పుటనే గూగుల్ 60 రోజులపాటు కిందికి దించింది. బయటి లింకు వల్ల నష్టం అనే మాటలో నిజమున్నది ఇక్కడ మాత్రమే. ఇచ్చిన లింకు వల్ల నష్టం లేదు, అమ్మిన లింకు వల్ల ఉన్నది.

ఈ నియమాలు రాసిన గూగుల్ మాత్రం నిష్కళంకమా అని చురుకైన విద్యార్థి ఎవరైనా అడగవచ్చు. అడగవలసిందే. ప్రకటనల మీద బతికే అన్వేషణ సాధనం పాఠకుడి అవసరం కన్నా ప్రకటనదారు వైపే మొగ్గుతుందని పేజ్, బ్రిన్ ఆ 1998 వ్యాసంలోనే హెచ్చరించారు. నేడు వారి సంస్థ ఫలితాల పైన ప్రకటనలు పేరుస్తున్నది. అన్వేషణ రంగంలో గూగుల్ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలుపుకున్నదని 2024 ఆగస్టులో అమెరికా న్యాయస్థానం తీర్పు చెప్పింది. అదే నెలలో భారతదేశంలోనూ కృత్రిమ మేధ రాసిన సారాంశాలు ఫలితాల పైన రావడం మొదలైంది. పాఠకుడు అక్కడే చదువుకొని ఆగిపోతే, ఆ సమాచారం సమకూర్చిన చిన్న సైట్‌కు వచ్చేవాడెవడు? ఇవన్నీ నిజమైన అన్యాయాలే. కాని పక్క దుకాణంవాడు తూకంలో మోసం చేస్తున్నాడని మన తక్కెడ కూడా వంచుకోలేము. గూగుల్ మీద నమ్మకంతో కాక, అటెండరుగారి వంటి పాఠకుడి మీద గౌరవంతోనే ఈ నియమాలు పాటించమంటున్నాము. ఆయన ర్యాంకు చూసి కాదు, ఎవరో చెప్పగా విని వచ్చారు. అట్లా వచ్చేవారే రేపు మరొకరికి చెబుతారు.

కావున కమిటీవారికి మూడు మనవులు. డొమైను పేరు, హోస్టింగు ఖర్చు కళాశాలే భరించి, కనీసం రెండేళ్లు ఆ సైట్‌ను నిశ్చింతగా నడవనివ్వండి. ఈ సంచిక ప్రకటనలకు పెట్టుకున్న హద్దునే అక్కడా పెట్టండి. జవాబు పూర్తి అయిన తరువాతనే ప్రకటన, అదీ ఒక్కటే. అప్పుల యాప్‌ల ప్రకటనలు వద్దని నిరోధించే వీలు ఉన్నది, దానిని వాడండి. మూడవది, సొమ్ము తీసుకున్న లింకు ఏదైనా ఉంటే అది ప్రకటన అని పాఠకుడికీ, యంత్రానికీ తెలిసేలా గుర్తు ఉండాలి.

విద్యార్థి సోదర సోదరీమణులకు ఒకే మాట. తీసివేసిన ఆ రెండు నిఘంటువుల లింకులను ముందుగా తిరిగి పెట్టండి. పాత కాగితం చేతపట్టుకొని వచ్చే రైతుకు మొదటి తెరలోనే జవాబు కనిపించనివ్వండి. ఆ ఉత్తరానికి మర్యాదగా వద్దని రాయండి. ఇవి చేసిన తరువాత మీ పుట పదవ స్థానంలో ఉన్నా మేము గర్వపడతాము.