ఫీజు బకాయిలు - ఆగిపోతున్న చదువులు

ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడిన నాటి నుంచి డిగ్రీ ప్రవేశాలు ముగిసే వరకు మన ఇళ్ళలో ఒక చర్చ నడుస్తూ ఉంటుంది. అబ్బాయిని పై చదువుకు పంపాలా, మెకానిక్ షెడ్డులోనో బట్టల దుకాణంలోనో పెట్టాలా? అమ్మాయిని డిగ్రీలో చేర్పించాలా, ఇంతటితో చాలనిపించాలా? నంద్యాలలో ఆటో నడిపే తండ్రి ఇంట్లోనైనా, ఆళ్ళగడ్డలో కుట్టుమిషను మీద సంసారం ఈదుతున్న తల్లి ఇంట్లోనైనా మాటలు కాస్త అటూ ఇటూగా ఇవే. ఈ నిర్ణయం పిల్లల మార్కులను బట్టి జరుగుతోందనుకుంటే పొరబాటు. ప్రభుత్వం ఇస్తానన్న ఫీజు సకాలంలో వస్తుందా రాదా అన్న అనుమానమే దీనిని శాసిస్తోంది.

పేద విద్యార్థి చదువుకు ప్రభుత్వం చేసే సహాయాన్ని దయగానో దానంగానో చూడటం మనలో చాలామందికి అలవాటైపోయింది. ముందుగా ఈ భావన పోవాలి. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్ని రాజ్యాంగం 15(4) అధికరణ ద్వారా ప్రభుత్వానికి ఇచ్చింది. బలహీన వర్గాల విద్యా ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని 46వ అధికరణ ఆదేశిస్తోంది. ముస్లిముల వెనుకబాటుతనం ఎవరో పుట్టించిన మాట కాదు. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక 2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది. 2001 జనాభా లెక్కల ప్రకారం 20 ఏళ్ళు పైబడినవారిలో డిగ్రీ లేదా డిప్లొమా ఉన్నవారు దేశం మొత్తం మీద సుమారు 7 శాతం కాగా, ముస్లిములలో 4 శాతం కూడా లేరని ఆ నివేదిక తేల్చింది. ఆ అగాధాన్ని పూడ్చేందుకే కేంద్రంలో మైనారిటీ స్కాలర్‌షిప్‌లు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంటు, 2007 చట్టంతో బీసీ-ఇ వర్గాలకు 4 శాతం రిజర్వేషను వచ్చాయి. ఆ 4 శాతం కూడా సునాయాసంగా నిలవలేదు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేస్తే, అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుల ఆధారంగా కొనసాగుతోంది.

రిజర్వేషను కళాశాల గేటు తెరుస్తుంది. లోపల మూడేళ్ళు నిలబెట్టేది మాత్రం ఫీజు. ఈ రెండో అండ కొన్నేళ్ళుగా సన్నగిల్లుతోంది. ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌ను 2022 నవంబరులో కేంద్రం 9, 10 తరగతులకే పరిమితం చేసింది. మరుసటి నెలలోనే పరిశోధక విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ నిలిపివేతను లోక్‌సభలో ప్రకటించింది. మన ఆడపిల్లలకు బేగం హజ్రత్ మహల్ స్కాలర్‌షిప్ ఇస్తూ వచ్చిన మౌలానా ఆజాద్ విద్యా సంస్థను మూసివేయాలని 2024 ఫిబ్రవరిలో ఆదేశించింది. నకిలీ విద్యాసంస్థల పేరుతో స్కాలర్‌షిప్ సొమ్ము స్వాహా అయిందని 2023లో సీబీఐ కేసు నమోదైంది. ఆ దొంగలను శిక్షించవలసిందే. అయితే దొంగలు దోచిన నేరానికి సిసలైన విద్యార్థికి శిక్ష పడకూడదు.

ఇక రాష్ట్రానికి వద్దాం. 2020 నుంచి ఫీజుకు విద్యా దీవెన, భోజన వసతి ఖర్చులకు వసతి దీవెన అనే పేర్లు నడిచాయి. వసతి ఖర్చు కింద ఏడాదికి ఐటీఐ వారికి 10,000, పాలిటెక్నిక్ వారికి 15,000, డిగ్రీ, ఆపై చదువుల వారికి 20,000 రూపాయలుగా నిర్ణయించారు. 2024లో ప్రభుత్వం మారింది, పేర్లు మారాయి. సొమ్ము చేరే దారి కూడా ఎన్నిసార్లు మారిందో గుర్తుచేసుకోండి. ఒకప్పుడు కళాశాల ఖాతాకు, తర్వాత తల్లి ఖాతాకు, ఆపైన తల్లీబిడ్డల ఉమ్మడి ఖాతాకు, ఇప్పుడు మళ్ళీ కళాశాల ఖాతాకు. మారనిది ఒక్కటే, ఆలస్యం. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 అయితే ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఈ సాయాన్నే నిలిపివేసింది. 2025 మార్చి 12న ప్రతిపక్షం ‘యువత పోరు’ పేరుతో కలెక్టరేట్ల ఎదుట నిరసనకు దిగింది. పాత బకాయిలు మిగిల్చిపోయింది మీరేనని అధికారపక్షం బదులిచ్చింది. ఈ వాదోపవాదాల్లో ఎవరిది ఎంత నిజమో ఎన్నికల వేదికల మీద తేల్చుకోవచ్చు. చివరి సంవత్సరం పరీక్ష రాసి టీసీ కోసం కళాశాల చుట్టూ తిరిగే విద్యార్థికి ఆ లెక్కతో పని లేదు.

ఆలస్యం అనే మాట చిన్నదిగా వినిపిస్తుంది. అది ఎవరి నెత్తిన పడుతుందో చూస్తే దాని బరువు తెలుస్తుంది. ప్రభుత్వం కళాశాలకు చెల్లించదు. కళాశాల యాజమాన్యం అధ్యాపకుల జీతాలకు విద్యార్థి వైపు చూస్తుంది. ‘ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తాం’ అంటుంది. తండ్రి వడ్డీకి తెస్తాడు, తల్లి చెవికమ్మలు తాకట్టు పెడుతుంది. అంటే ప్రభుత్వం తన బాకీని వాయిదా వేసుకున్నన్ని నెలలూ ఆ పేద కుటుంబమే ప్రభుత్వానికి అప్పు ఇచ్చినట్లు. తాను మాత్రం నూటికి మూడు, నాలుగు రూపాయల వడ్డీ కడుతూ, ప్రభుత్వానికి వడ్డీలేని అప్పు! ఇంతకు మించిన అన్యాయం ఏముంటుంది?

ఈ అన్యాయం దూరంతో పాటు పెరుగుతుంది. నంద్యాల పట్టణంలో పీఎస్‌సీ అండ్ కేవీఎస్‌సీ ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది, ఈఎస్‌సీ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. ఊళ్ళోని బిడ్డ నడిచి వెళ్ళవచ్చు, సైకిలు మీద వెళ్ళవచ్చు. ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. తనకు కావలసిన కోర్సు కోసం అక్కడి నుంచి రావలసిన అమ్మాయికి ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. బస్సు పాసు, మధ్యాహ్న భోజనం, లేదంటే హాస్టలు. వసతి కింద రావలసిన సొమ్ము ఒక విడత తప్పితే ఇంట్లో మొదట వినిపించే మాట, ‘ఇక ఇంటికి వచ్చెయ్యమ్మా’. తమ్ముడి చదువుకూ అక్క చదువుకూ మధ్య ఎంచుకోవలసి వస్తే ఆగిపోయేది ఎవరి చదువో మనకు తెలియనిది కాదు. కాబట్టి బకాయి పడిన ప్రతి విడతా ముందుగా ఆడపిల్ల మీదే పడుతుంది.

ప్రభుత్వాన్ని నిలదీయడం మన హక్కు. ఆ పని గట్టిగా చేయాలంటే మన దరఖాస్తులో లోపం ఉండకూడదు. నిజానికి అనేక దరఖాస్తులు రాజకీయాల వల్ల కాక కాగితాల వల్ల ఆగిపోతాయి. మన పేర్లే పెద్ద చిక్కు. పదో తరగతి సర్టిఫికెట్టులో ‘షేక్’ అని పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో రెండు పొడి అక్షరాలుగా మిగులుతుంది. తల్లి పేరు ఒక చోట ‘బీ’ అని, మరో చోట ‘బేగం’ అని ఉంటుంది. బ్యాంకు పుస్తకంలో మూడో రకం. మనిషి ఒక్కరేనని వీధి వీధంతా చెబుతుంది గాని కంప్యూటరు ఒప్పుకోదు. ఇంటర్ మొదటి సంవత్సరంలోనే ఈ పేర్లను సరిచూసుకుని, పదో తరగతి సర్టిఫికెట్టుకు అనుగుణంగా ఆధార్‌ను సవరించుకుంటే ప్రవేశాల వేళ పరుగులు తప్పుతాయి.

రెండో చిక్కు కులధ్రువీకరణ. దూదేకుల, నూర్‌బాష్ కుటుంబాలు బీసీ-బి కిందికి వస్తాయి. షేక్‌లు తదితర వర్గాలు బీసీ-ఇ కిందికి వస్తాయి. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు ఆ జాబితాలో లేవు. తమకు బీసీ సర్టిఫికెట్టు రాదు గనుక ఫీజు సాయం కూడా రాదని ఈ కుటుంబాల్లో కొందరు దరఖాస్తే పెట్టరు. అది అపోహ. రిజర్వేషను వేరు, ఫీజు సాయం వేరు. ఆదాయ పరిమితికి లోబడిన మైనారిటీ విద్యార్థి బీసీ జాబితాలో లేకపోయినా ఫీజు సాయానికి అర్హుడే.

మూడోది అర్హత పరిశీలన. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షల రూపాయలు దాటకూడదని, సొంత కారు ఉండకూడదని, విద్యార్థి హాజరు 75 శాతానికి తగ్గకూడదని నిబంధనలు పెట్టారు. ఆటో, టాక్సీ, ట్రాక్టరు ఉన్నవారికి మినహాయింపు ఇచ్చారు. ఎప్పుడో అమ్మేసిన బండి తండ్రి పేరు మీదే మిగిలిపోయి ఉంటే దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది.  ఇలాంటి తిరస్కరణను చూసి కళాశాల మానేయనక్కరలేదు. కారణం ఏమిటో సచివాలయంలో సంక్షేమ, విద్యా సహాయకుని దగ్గర తెలుసుకుని, ఆధారాలతో అభ్యంతరం దాఖలు చేయాలి. జ్ఞానభూమి పోర్టల్‌లో దరఖాస్తు ఏ దశలో ఉందో నెలకొకసారైనా చూసుకోవాలి. కళాశాల అడిగినప్పుడు వేలిముద్ర వేయడం మరువకూడదు.

కళాశాల ముందస్తుగా ఫీజు కట్టించుకుంటే రశీదు తీసుకోవడం తప్పనిసరి. నోటిమాట మీద డబ్బు ఇచ్చినవారికి ప్రభుత్వ సొమ్ము వచ్చిన రోజున అడిగే ఆధారం ఉండదు. ఒరిజినల్ సర్టిఫికెట్లను కళాశాలలు తమ వద్ద అట్టిపెట్టుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 అక్టోబరులో స్పష్టం చేసింది. సర్టిఫికెట్టు ఇవ్వబోమన్న చోట ఆ మాట లిఖితపూర్వకంగా ఇవ్వమని అడగండి. ప్రతి సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. సమాచార హక్కు చట్టం కింద జిల్లా కార్యాలయంలో 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేస్తే, మీ కళాశాలకు ఏ విడత ఎప్పుడు విడుదలైందో 30 రోజుల్లోగా చెప్పవలసిన బాధ్యత అధికారులది.

అయితే అక్షరం రాని తల్లి, తెల్లవారక ముందే బండి తీసే తండ్రి ఇవన్నీ ఒంటరిగా చేయగలరా? ఇక్కడే సమాజం పాత్ర మొదలవుతుంది. నంద్యాలలో గాని ఆళ్ళగడ్డలో గాని మస్జిద్ లేని మొహల్లా అరుదు. ప్రవేశాలు జరిగే రెండు నెలలు జుమా నమాజు తర్వాత ఒక గంటసేపు, డిగ్రీ చదువుతున్న ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు ఒక బల్ల వేసుకుని కూర్చుంటే చాలు. పేర్లు సరిచూడటం, ఆదాయ పత్రానికి దరఖాస్తు రాయడం, గడువు తేదీలు చెప్పడం వారి పని. తల్లులు మస్జిదుకు రాలేని చోట యువతులు ఇళ్ళకు వెళ్ళాలి. ఇందుకు భవనం అక్కరలేదు, విరాళాల పుస్తకమూ అక్కరలేదు.

రెండో పని కర్జె హసనా. మన ధర్మం వడ్డీలేని రుణాన్ని గొప్ప పుణ్యకార్యంగా బోధించింది. ఫీజు సాయం ఆలస్యమైన విద్యార్థికి కావలసింది దానం కాదు, కొన్ని నెలల వ్యవధి. బస్సు పాసుకో పరీక్ష ఫీజుకో మస్జిద్ కమిటీ ఇచ్చిన రెండు మూడు వేలు వసతి సొమ్ము రాగానే తిరిగి వస్తాయి, మరో బిడ్డకు చేరతాయి. విందులకూ షామియానాలకూ మనం వెచ్చించే దానిలో ఒక పాలు ఇటు మళ్ళితే ఒక మొహల్లాలో ఏ ఆడపిల్లా ఒక విడత ఆలస్యానికి చదువు మానదు. ఈ నేల మీద అలాంటి దూరదృష్టి కొత్తది కాదు. దేశం స్వతంత్రమైన 1947లోనే కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉస్మానియా కళాశాలను నెలకొల్పారు. ఇవాళ మనకు కొత్త కళాశాల కట్టే భారం లేదు. ఉన్న కళాశాలలో మన బిడ్డను మూడేళ్ళు నిలిపే బాధ్యత మాత్రమే ఉంది.

సమాజం చేయూత ఇస్తుంది గదా అని ప్రభుత్వం చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. రాష్ట్ర మైనారిటీ సంక్షేమ శాఖ బాధ్యతలు 2024 జూన్ నుంచి నంద్యాల శాసనసభ్యులు ఎన్.ఎం.డి.ఫరూఖ్ గారి చేతుల్లో ఉన్నాయి. తన సొంత నియోజకవర్గం నుంచే వచ్చే ఈ విన్నపాన్ని ఆయన మన్నించాలని కోరుతున్నాం. ప్రతి విడత విడుదల తేదీని విద్యా సంవత్సరం మొదట్లోనే ప్రకటించాలి. ఆ తేదీ దాటితే విద్యార్థి నుంచి ఒక్క రూపాయి కూడా వసూలు చేయరాదని కళాశాలలకు ఉత్తర్వులు ఇవ్వాలి. ప్రభుత్వ సొమ్ము అందాక, ముందే కట్టినవారికి ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో గడువు విధించాలి. పాత బకాయిలలో చదువు పూర్తిచేసి సర్టిఫికెట్ల కోసం ఎదురుచూస్తున్నవారి సొమ్మును ముందుగా చెల్లించాలి. ఇందులో కొత్త పథకం ఏదీ లేదు. ఇచ్చిన మాటకు ఒక తేదీ వేయమని మాత్రమే అడుగుతున్నాం.

ఈ సంచిక మీ చేతికి అందే వేళకు మీ వీధిలో ఇంటర్ పూర్తిచేసిన పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్కించండి. వారిలో ఎందరు దరఖాస్తు పెట్టారో, ఎందరు ఎందుకు పెట్టలేదో అడగండి. ఆ జాబితా చేతిలో ఉన్న మొహల్లా అధికారి ముందు నిలబడి మాట్లాడగలదు. జాబితా లేని మొహల్లా ఎదురుచూస్తూ ఉండిపోతుంది.