గళం లేని గానానికి పట్టాభిషేకమా?

2025 నవంబరులో ఒక వింత వార్త సంగీతప్రియులను కలవరపెట్టింది. అమెరికాలో ఏ పాటకు ఎంత ఆదరణ ఉన్నదో వారం వారం ప్రకటించే బిల్‌బోర్డ్ పత్రిక, కంట్రీ సంగీతపు డిజిటల్ అమ్మకాల జాబితాలో 'వాక్ మై వాక్' అనే పాటకు ప్రథమస్థానం ఇచ్చింది. గాయకుని పేరు 'బ్రేకింగ్ రస్ట్'. ఆ పేరుతో పాడే మనిషి మాత్రం లేడు. ఆ గొంతు కృత్రిమ మేధ కల్పించినది.

జానీ క్యాష్ పుట్టిన ఆర్కన్సా రాష్ట్రం మనది. ఇక్కడ బెంటన్‌విల్‌లో కారు రేడియోలో కంట్రీ పాటలు వింటూ పెరిగిన మా అమ్మాయికి ఈ సంగతి చెప్పాను. అప్పుడామె సంక్రాంతి సంబరాలకు ఒక కీర్తన సాధన చేస్తున్నది. శ్రుతిపెట్టె ఆపి, "మరి నేనెందుకు నాన్నా, ఇంత కష్టపడి నేర్చుకోవటం?" అన్నది. నాకు వెంటనే సమాధానం తోచలేదు.

యంత్రం పాడే తీరులో మాయ ఏమీ లేదు. అసంఖ్యాకమైన పాటల ధ్వనిని అంకెలుగా మార్చి, ఏ ధ్వని వెంట ఏ ధ్వని వచ్చే అవకాశం ఎక్కువో అది గ్రహిస్తుంది. 'విరహగీతం, గిటారు, బొంగురు గొంతు' అని నాలుగు ముక్కలు రాసిస్తే, ఆ సంభావ్యతల ఆధారంగా కొత్త పాట అల్లి ఇస్తుంది. అందులో ఊపిరి తీసిన చప్పుడు కూడా వినిపిస్తుంది, ఊపిరితిత్తులే ఉండవు. డీజర్ సంస్థ 2025లో 8 దేశాలలో 9,000 మందికి పాటలు వినిపిస్తే, నూటికి 97 మంది యంత్రగానాన్ని గుర్తుపట్టలేకపోయారు.

"జనం మెచ్చితే చాలదా? ఎవరు పాడితేనేం?" అనే మిత్రులున్నారు. కొట్టిపారేయదగిన వాదన కాదు. కాని జనం మెచ్చిన కొలత ఎంతటిది? స్ట్రీమింగ్ వచ్చాక పాటను విడిగా కొనేవారు అరుదయ్యారు. అందుచేత ఆ వారం సుమారు 3,000 అమ్మకాలకే శిఖరం దక్కింది. పైగా వినేవారు మనుషులేనన్న భరోసా కూడా లేదు. నార్త్ కరోలినాకు చెందిన ఒక వ్యక్తి లక్షలాది యంత్రగీతాలు చేయించి, వాటిని కంప్యూటర్ ప్రోగ్రాముల చేతనే 'వినిపించి', కోటి డాలర్లకు పైగా రాయల్టీ రాబట్టాడని 2024 సెప్టెంబరులో అభియోగం మోపారు. పాడేదీ యంత్రమే, వినేదీ యంత్రమే, సొమ్ము మాత్రం మనిషికి! వాల్‌మార్ట్ ఊరివాళ్లం మనం. అమ్మకం లెక్కకట్టే ముందు డబ్బాలో ఉన్న సరుకేదో పైన రాసి ఉండాలని మనకు వేరొకరు చెప్పనక్కరలేదు.

మన తెలుగునాట ఈ చిక్కు జాబితాల కన్నా ముందే ఎదురైంది. 2020 సెప్టెంబరు 25న పరమపదించిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతు 2023లో 'కీడా కోలా' చిత్రంలో కృత్రిమ మేధ ద్వారా మళ్లీ వినిపించింది. కుటుంబ అనుమతి లేకుండా ఇది జరిగిందంటూ కుమారుడు ఎస్.పి. చరణ్ ఇచ్చిన న్యాయపరమైన నోటీసు సంగతి 2024 ఆరంభంలో వెల్లడైంది. అదే సమయంలో ఎ.ఆర్. రెహమాన్ 'లాల్ సలామ్' కోసం దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను ఇలాగే పలికించారు. అయితే కుటుంబాల అనుమతి తీసుకొని, పారితోషికం కూడా ఇచ్చామని ప్రకటించారు. సాధనం రెండుచోట్లా ఒకటే.

బాలు 1966లో తనకు తొలి అవకాశమిచ్చిన సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణిని మరువలేదు. తన రికార్డింగ్ థియేటరుకు ఆయన పేరే పెట్టుకున్నారు. పాట నేర్చినవాడికి నేర్పినవారి పేరు తెలుస్తుంది. యంత్రం ఎవరెవరి గొంతుల నుంచి నేర్చిందో చెప్పదు. దాన్ని తయారుచేసినవారూ చెప్పటానికి ఇష్టపడరు. నా అభ్యంతరం అసలు ఇక్కడే ఉంది.

మన ఆర్కన్సా చట్టసభ వ్యక్తి గొంతుపై హక్కును కాపాడే 2016 నాటి చట్టాన్ని 2025లో సవరించి, కృత్రిమ మేధ చేసే అనుకరణకూ వర్తింపజేసింది. మెచ్చుకోవలసిన పనే. కాని ఒకరి గొంతును ఎత్తుకుపోతే ఆ చట్టం పట్టుకోగలదు. వేలమంది గొంతులను కలిపి పిండిన రసానికి ఎవరు వెళ్లి ఫిర్యాదు చేయాలి?

2026 జనవరిలో స్వీడన్ ఇటువంటి ఒక పాటను తన అధికారిక జాబితా నుంచి తప్పించింది. నేనూ ఆ పక్షమే, ఒక మినహాయింపుతో. మిసిసిపీకి చెందిన టెలీషా జోన్స్ తన కవితలను తానే రాసుకొని, యంత్రం చేత 'జానియా మొనే' అనే పేరున పాడిస్తున్నారు. 2025లో ఆ గొంతు బిల్‌బోర్డ్ రేడియో జాబితాకూ ఎక్కింది. ఆ రచన ఆమెది, కనుక రచయిత్రిగా ఆమెకు గౌరవం దక్కవలసిందే. గాయని స్థానం మాత్రం ఖాళీగా చూపాలి. అటువంటి పాటలకు వేరే జాబితా పెట్టి, ఏది యంత్రం చేసినదో పేరు పక్కనే ముద్రించటంలో కష్టమేముంది?

ఇదంతా మా అమ్మాయికి చెప్పబోయాను. సగంలోనే ఆపి, శ్రుతిపెట్టె మళ్లీ పెట్టుకున్నది. చరణంలో 'ళ' దగ్గర తడబడి, నేను వింటున్నానని గమనించి, నన్ను గదిలోనుంచి వెళ్లిపొమ్మన్నది.