అడిగినాక తట్టే రొట్టె

నిజామాబాద్‌లో పని పడితే, తిరిగి జక్రాన్‌పల్లి బస్సెక్కే ముందు నేను తప్పక ఆగేది ఒక జొన్నరొట్టెల బండి దగ్గర. దానికి బోర్డు లేదు, పేరు లేదు. మనం అడిగినాకే ఆమె పిండి కలిపి, చేత్తో తట్టి, పెనం మీద వేస్తుంది. పది నిమిషాలు ఆగాల్సిందే. వెల్లుల్లి కారం నంజుకుని ఆ వేడి రొట్టె తింటుంటే ఆగిన సంగతే గుర్తుండదు.

జపాన్‌లో ససెబో అనే ఊరుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడ అమెరికా నౌకాదళం మకాం పెట్టింది. వాళ్ల దగ్గర నేర్చుకుని 1950 ప్రాంతంలో ఊరివాళ్లు బర్గర్లు చెయ్యడం మొదలుపెట్టారు. ఎవరి దుకాణం వారిదే, ఎవరి రుచి వారిదే. అక్కడా అడిగినాకే చేస్తారు. ఆ ఊరికి పేరు తెచ్చింది ఆ పద్ధతే.

మరి మనమో? బర్గర్‌కు అడిగినంత ఇస్తాం, రొట్టె దగ్గర రూపాయికి బేరమాడతాం. "ఇంట్లో చేసుకునేదేగా!" అంటాం. చేసేవాళ్లకు తెలుసు ఆ కష్టం. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. మసిలే నీళ్లు పోసి, అరచేత్తో బాగా మెదిపి, వెంటనే తట్టాలి. పిండి పాతబడినా, కలిపి ఉంచినా అంచులు పగుల్తాయి.

ఇంట్లో ఆ పనికి ఎవరూ వెల కట్టరు. బండి దగ్గర కూడా మనమే తగ్గించి అడిగితే ఎలా చెప్పండి? ఈసారి బేరం మానండి. రొట్టె బాగుంటే ఆ మాట ఆమెతోనే అని రండి.