పట్టా లేని ఇంటికి బీమా ఎవరిస్తారు?

2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. బ్యారేజీ కట్టాక ఇంత నీరు ఎన్నడూ రాలేదు. దిగువన కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంక గ్రామాలు మునిగాయి. వరద తీశాక బీమా క్లెయిముల మాట విజయవాడలో గట్టిగా వినిపించింది. అదీ ఎక్కువగా కార్లు, బైకుల గురించే. మరి మన వాడల్లో మునిగిన ఇళ్ల సంగతేమిటి?

మనకు ఇంటి బీమా లేకపోవడం మన అజాగ్రత్త కాదు. మన దేశంలో ఇంటి బీమా చాలావరకు బ్యాంకు గృహరుణం వెంటే వస్తుంది. డి-ఫారం పట్టా మీదో, తాత పేరున ఉండిపోయిన స్థలం మీదో రుణం పుట్టడం కష్టం. కాలువ గట్టు మీది ఇంటికి ఆ మాటే లేదు. కేంద్రం ఏడాదికి 436 రూపాయలకు జీవిత బీమా, 20 రూపాయలకు ప్రమాద బీమా ఇస్తోంది. పేదల ఇంటికి అలాంటి పథకం లేదు.

ఇక మిగిలింది ప్రభుత్వ సాయం. 2022-26 విపత్తు సహాయ నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1.20 లక్షల రూపాయలు. కొంత దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసెకు 8,000. నీళ్లలో ముందు కూలేది మట్టి గోడే, సాయంలో తక్కువ అందేదీ దానికే. పైగా అది అధీకృత నిర్మాణమని అధికారి ధ్రువీకరించాలి. బీమా దగ్గర అడ్డుపడిన కాగితమే సాయం దగ్గరా అడ్డుపడుతోంది.

తెనాలి కాలువ గట్ల మీద, బాపట్ల నల్లమడ వాగు వెంట, రేపల్లె కరకట్ట కింద బతికేవాళ్లు కోరి అక్కడికి పోలేదు. మెరక ఎవరి చేతిలో ఉందో, పల్లం ఎవరికి మిగిలిందో ఈ ప్రాంతానికి తెలుసు. దళితులు గౌరవం అడిగితే ఏమవుతుందో 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూపించాయి.

అయినా ఉన్న దారుల్ని వదులుకోకూడదు. 2021 ఏప్రిల్ నుంచి 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీ ఉంది. వరద, తుఫాను నష్టం అందులోకి వస్తాయి. ఇంట్లో సామాన్లకు మాత్రమే కూడా తీసుకోవచ్చు, అద్దెకున్నవాళ్లూ తీసుకోవచ్చు. పాలసీ ఉంటే బురద కడగకముందే గోడ మీది నీటి గుర్తును, పాడైన సామాన్లను ఫొటో తీయాలి. కంపెనీకి వెంటనే తెలిపి, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. బీమా నియంత్రణ సంస్థ 2024 సర్క్యులర్ ప్రకారం 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి. 15 రోజుల్లో అతని నివేదిక, ఆపై 7 రోజుల్లో నిర్ణయం రావాలి. కాగితాలు లేవన్న కారణంతో క్లెయిము కొట్టేయకూడదు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినా 30 రోజుల్లో జవాబు రాకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి ఫీజు లేదు.

కానీ ఒక్కొక్కరం పాలసీ కొనుక్కోవడంతో ఇది తీరదు. మేం మూడు అడుగుతున్నాం. నివాసం ఉన్న ప్రతి కుటుంబానికీ ఇంటి పట్టా ఇవ్వాలి. ఎస్సీ ఉప ప్రణాళిక నిధులతో ముంపు వాడల ఇళ్లన్నింటికీ ప్రభుత్వమే ప్రీమియం కట్టాలి. నష్టాల జాబితాను సచివాలయం గోడకు అంటించి, అభ్యంతరాలకు గడువివ్వాలి. ఈలోగా విద్యార్థులు, కార్యకర్తలు వచ్చే వానాకాలానికి ముందే వాడవాడకూ వెళ్లి ఇళ్లను ఫొటోలు తీసి, కరెంటు బిల్లు, రేషన్ కార్డు నకళ్లు పోగుచేసి ఉంచాలి. ఎన్యూమరేషన్‌కు వచ్చిన అధికారి ఇల్లు ఎక్కడుందని అడిగితే చూపించడానికి అవి కావాలి.